మూసే గుర్తు ఎక్కడికి పోయింది?

మీ బడిలోని కంప్యూటరు పాతదా? అయితే ఈమధ్య దాని ముఖం మారి ఉండవచ్చు. ఎన్నో ఏళ్లుగా మన కంప్యూటర్లలో నడిచిన విండోస్ 10కి మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14తో మామూలు మరమ్మతులు ఆపివేసింది. తర్వాత వచ్చిన విండోస్ 11 పాత యంత్రాలు చాలావాటి మీద ఎక్కదు. దానికి ఒక ప్రత్యేకమైన భద్రతా చిప్పు, కాస్త కొత్త రకం ప్రాసెసరు కావాలి. యంత్రమేమో బాగానే ఉంది, పారేయడానికి మనసొప్పదు. అలాంటప్పుడు చాలామంది అందులో లినక్స్ వేయిస్తారు. దానికి డబ్బు కట్టనక్కరలేదు. పాత యంత్రం మీద కూడా నడుస్తుంది. కేరళలో ప్రభుత్వ బడులు ఎన్నో ఏళ్లుగా లినక్స్‌తోనే కంప్యూటరు పాఠాలు చెబుతున్నాయి.

విండోస్, లినక్స్, మాక్ ఇవన్నీ ఆపరేటింగ్ సిస్టములు. అంటే కీబోర్డు, తెర, డిస్కు, జ్ఞాపకశక్తి వీటన్నిటినీ అజమాయిషీ చేస్తూ మిగిలిన ప్రోగ్రాములకు పని కల్పించే పెద్ద ప్రోగ్రాములు. మనకు తెర మీద కనిపించే బొమ్మలూ, మెనూలూ, కిటికీలూ దాని పైతొడుగు మాత్రమే. ఆ పైతొడుగునే డెస్క్‌టాప్ అంటాము.

ఇప్పుడొక చిక్కు. కొత్త డెస్క్‌టాప్ ముందు కూర్చున్న పిల్లవాడు కిటికీ మూయడానికి కుడిచేతి పైమూలకు మౌస్ తోస్తాడు. అక్కడ గుర్తు లేదు! కాపీ చేయబోతే నడుస్తున్న ప్రోగ్రాము ఆగిపోతుంది. పెన్‌డ్రైవ్ ఇంటికి తీసుకుపోయి చూస్తే ఫైలు సగమే ఉంటుంది. నాలుగుసార్లు ఇలా జరిగేసరికి “నాకు కంప్యూటరు రాదు” అని లేచిపోతాడు. పిల్లలేమిటి, మా ఉపాధ్యాయుల్లోనూ ఇలా లేచిపోయేవారున్నారు. యంత్రం మీద గుడ్డ కప్పేస్తే దుమ్ము పట్టకుండా ఉంటుంది గాని పాఠం సాగదు. అసలు ఆ తప్పు ఎవరిది? ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

ముందు మీ ఇంట్లో దీపం స్విచ్చి చూడండి. కిందికి నొక్కితే దీపం వెలుగుతుంది. అమెరికాలో ఉన్న మామయ్యో, పెద్దమ్మో ఉంటే అడగండి. అక్కడ స్విచ్చి పైకి లేపితే వెలుగుతుంది. వెళ్లిన కొత్తలో ఎన్నిసార్లు తప్పు నొక్కారో కూడా అడగండి. అంతమాత్రాన వాళ్లకు స్విచ్చి వేయడం రాదని ఎవరూ అనరు గదా!

కొత్త పని నేర్చుకునేటప్పుడు మనం ప్రతి కదలికనూ ఆలోచించి చేస్తాం. సైకిలు నేర్చుకున్న మొదటి రోజులు గుర్తు తెచ్చుకోండి. కొన్నాళ్లకు చేయి, కాలు తమంతట తామే పనిచేస్తాయి. ఆలోచన మరో పనికి ఖాళీ అవుతుంది. ఇది ఎంతో మేలు. అయితే వస్తువుల చోటు మారినప్పుడు ఈ మేలే ఎదురు తిరుగుతుంది. “గుర్తు ఎడమవైపు ఉంది” అని మీకు తెలుసు. కాని ఆ తెలివి గుర్తుకు వచ్చేలోపలే చెయ్యి కుడివైపు బయలుదేరుతుంది. కనుక తెలిసి కూడా తప్పు చేస్తారు. ఒకసారి చెబితే సరిపోతుందని అనుకునే పెద్దలు ఈ సంగతి గమనించాలి.

ఈ విషయాన్ని మొదట గట్టిగా పట్టించుకున్నది కంప్యూటర్ల వాళ్లు కాదు, విమానాల వాళ్లు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా విమానాలు శత్రువు కొట్టకుండానే ఎన్నో చెడిపోయేవి. నివేదికలో “పైలట్ తప్పు” అని రాసి ఊరుకునేవారు. పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, జోన్స్ అనే తోటి పరిశోధకుడితో కలిసి అలాంటి 460 సంఘటనలను సేకరించి 1947లో ఒక నివేదిక ఇచ్చాడు. పైలట్ ఒక మీట అనుకొని మరో మీట లాగడమే వాటిలో ఎక్కువగా కనిపించింది. ఎందుకని? ఇంజను వేగానికి, పంకాకు, ఇంధనం పాలుకు మూడు మీటలు పక్కపక్కనే ఉంటాయి. వాటి వరస ఒక్కొక్క రకం విమానంలో ఒక్కొక్క విధంగా ఉండేది! నిన్న ఒక విమానం నడిపినవాడు నేడు మరో విమానం ఎక్కితే చెయ్యి పాత వరసలోనే పోతుంది. అలాగే చక్రాలను ముడిచే మీట, రెక్కల వెనుక ఉండే ఫ్లాపుల మీట పక్కపక్కన ఒకేలా ఉండేవి. దిగిన తర్వాత ఫ్లాపులు ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. చపానిస్ అనే మరో శాస్త్రజ్ఞుడు చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారపు పిడి, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారపు పిడి పెట్టించాడు. చూడకుండా తడిమినా తెలిసిపోయే ఏర్పాటు అన్నమాట. తప్పు పైలట్ చేతిలో కనిపించినా దాని వేరు మీటల అమరికలో ఉంది.

మన కంప్యూటరు తెర మీద విమానం కూలదు గాని జరిగేది అదే.

కిటికీ మూసే గుర్తు కథ చూడండి. 1984లో వచ్చిన ఆపిల్ మెకింతోష్‌లో అది కిటికీకి ఎడమ పైమూల ఉంది. మాక్ కంప్యూటర్లలో ఇప్పటికీ ఎడమవైపే. విండోస్‌లోనూ మొదట్లో ఎడమ మూల నున్న చిన్న పెట్టెను రెండుసార్లు నొక్కి కిటికీ మూసేవారు. కుడి మూల ఉన్నవి కిటికీని చిన్నది, పెద్దది చేసే గుర్తులు. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95లో ఇంటూ గుర్తు కుడి మూలకు వచ్చింది. అప్పటివరకు పెద్దది చేయడానికి అక్కడ నొక్కే అలవాటున్నవారు కిటికీ మూసుకొని ఉంటారని వేరే చెప్పాలా? తర్వాత ప్రపంచమంతా దానికే అలవాటుపడింది. లినక్స్ రకాలలో బాగా పేరున్న ఉబుంటు కూడా కుడివైపే పెట్టుకుంది. 2010 ఏప్రిల్‌లో ఉబుంటు 10.04 వచ్చినప్పుడు తయారీదారులు ఆ గుర్తులను ఎడమకు జరిపారు. వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. ఏడేళ్ల తర్వాత, 2017 అక్టోబరులో వచ్చిన 17.10లో అవి మళ్లీ కుడికి వెళ్లాయి. ఈలోగా ఎడమవైపు అలవాటుపడినవారు మళ్లీ మొదటినుంచి మొదలు.

ఎడమ మంచిదా, కుడి మంచిదా? నా దృష్టిలో ఇందులో పెద్ద తేడా లేదు. మన స్విచ్చి, అమెరికా స్విచ్చి రెండూ దీపం వెలిగిస్తాయి. కారణం లేకుండా మార్చడమే చెడ్డది.

అయితే కొన్ని అమరికలు నిజంగానే మంచివి, కొన్ని నిజంగానే చెడ్డవి. అలవాటుతో పని లేకుండా కొలిచి చెప్పవచ్చు. ఆ కొలత కూడా ఫిట్స్ చెప్పిందే. 1954లో ఆయన చేసిన ప్రయోగాన్ని మీరు నోటుపుస్తకం మీద చేయవచ్చు. ఆయన లోహపు పలకల మీద లోహపు పుల్లతో చేశాడు, మనకు పెన్సిలు చాలు.

పుస్తకం విప్పి రెండు పేజీల మీద కలిపి, 1 సెం.మీ. వెడల్పున్న రెండు వృత్తాలు గీయండి. వాటి కేంద్రాల మధ్య దూరం 5 సెం.మీ. ఉండాలి. మీ స్నేహితుడు గడియారం చూస్తూ ఉంటే 10 సెకన్లపాటు పెన్సిలు మొనతో ఒకదాని తర్వాత ఒకటి తాకండి. గీత దాటకూడదు. ఎన్ని తాకారో రాసుకోండి. రెండోసారి అదే వెడల్పు వృత్తాలను 15 సెం.మీ. దూరంలో గీసి తాకండి. లెక్క తగ్గుతుంది. మూడోసారి దూరం 15 సెం.మీ. ఉంచి వృత్తాల వెడల్పును 3 సెం.మీ. చేయండి. లెక్క తిరిగి మొదటిదాని దగ్గరకు వస్తుంది! దూరం మూడింతలైనా గురి కూడా మూడింతలైతే కష్టం పెరగదు. ఒక గురిని అందుకోవడానికి పట్టే కాలం దూరాన్ని గురి వెడల్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఇదే ఫిట్స్ నియమం. నిష్పత్తి రెట్టింపైతే కాలం రెట్టింపు కాదు, ప్రతి రెట్టింపుకూ ఒకే కొద్దిపాటి కాలం కలుస్తుంది. లాగరిథములు చదివిన పై తరగతులవారికి అది ఏ లెక్కో తెలుస్తుంది.

ఈ నియమం చేతబట్టుకొని తెర మీదికి రండి. పాత కంప్యూటర్లలో తరచు వేసే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ చాలా తేలికైనది, నాకిష్టమైనదే. కాని దానిలో కొన్ని అలంకరణలలో కిటికీ అంచు ఒక్క చుక్క మందమే ఉంటుంది. మామూలు తెర మీద ఒక చుక్క అంటే సుమారు పావు మిల్లీమీటరు. కిటికీని సాగదీయాలంటే ఆ పావు మిల్లీమీటరు గీత మీదే మౌస్ బాణం నిలవాలి. ఇది అలవాటు చేసుకుంటే పోయే ఇబ్బంది కాదు, గురి మరీ చిన్నది. ఇలాంటిదాన్ని లోపం అనడానికి జంకనక్కరలేదు. అందులో ఒక ఉపాయముంది: ఆల్ట్ మీట నొక్కి ఉంచి, కిటికీలో ఎక్కడైనా మౌస్ కుడి బటన్ పట్టి లాగితే కిటికీ సాగుతుంది. అప్పుడు కిటికీ అంతా గురే! ఎంత చక్కని ఏర్పాటో చూశారా? కాని తెర మీద ఎక్కడా ఆ మాట రాసి ఉండదు. ఎవరైనా చెప్పాల్సిందే.

తెర అంచుల సంగతి దీనికి తారుమారు. బాణాన్ని ఎంత గట్టిగా తోసినా అంచు దగ్గర ఆగిపోతుంది, దాటిపోదు. కనుక అంచున ఉన్న గురి చాలా లోతైనదన్నమాట. మూల అయితే రెండువైపులా అడ్డుకుంటుంది. మాక్‌లో మెనూ ఎప్పుడూ తెర పై అంచునే ఉండడంలో ఉన్న లాభం ఇదే. లినక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్ ఎడమ పైమూలను ఇలాగే వాడుకుంటుంది. బాణాన్ని అక్కడికి తోస్తే చాలు, నొక్కకుండానే తెరిచి ఉన్న కిటికీలన్నీ చిన్నవై పరుచుకుంటాయి. లెక్క ప్రకారం ఇది గొప్ప ఆలోచన. కాని తెలియనివాడు అటువైపు చెయ్యి జారిస్తే తెరంతా చెదిరిపోయినట్టు కనిపించి గుండె గుభిల్లుమంటుంది. సులువుగా అందే గురి పొరపాటునా సులువుగానే అందుతుంది.

ఇక కాపీ చేయబోతే ప్రోగ్రాము ఎందుకు ఆగిపోయింది? దీనికి వెనక్కి వెళ్లాలి. కత్తిరించు, కాపీ చేయి, అతికించు అనే పద్ధతిని 1970లలో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, అతని తోటివారు రూపొందించారు. ఆ తర్వాత ఆపిల్ యంత్రాలలో ఎక్స్, సి, వి అక్షరాల మీటలు వాటికి స్థిరపడ్డాయి. విండోస్‌లో కంట్రోల్ మీటతో సి నొక్కడం మీకు తెలిసిందే. కాని కంట్రోల్ మీట అంతకన్నా ముసలిది. తెరలు లేని టెలిటైపు యంత్రాల కాలానిది. 1963 నాటి ఆస్కీ సంకేతాల ప్రకారం కంట్రోల్ నొక్కి ఎ కొడితే 1, బి కొడితే 2, సి కొడితే 3 అనే సంఖ్య యంత్రానికి పోతుంది. సి మూడో అక్షరం గదా! 3 వస్తే నడుస్తున్న పని ఆపాలని తర్వాత వాడుకలో స్థిరపడింది. లినక్స్‌లో టెర్మినల్ అనే నల్ల కిటికీ ఆ పాత టెలిటైపు వారసుడు. అందులో కంట్రోల్-సి అంటే నేటికీ “ఆపు” అనే అర్థం. అందుకే అక్కడ కాపీకి షిఫ్టు మీటను కూడా కలిపి నొక్కాలి. ఒకే మీటకు రెండు చరిత్రలున్నాయి, మధ్యలో మనం ఇరుక్కున్నాం.

లినక్స్‌లో మరో కాపీ పద్ధతి కూడా ఉంది. 1984లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, అంటే ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ నుంచి వచ్చింది. మౌస్‌తో మాటల మీద గీస్తే చాలు, అవి కాపీ అయినట్టే. మౌస్ నడిమి బటన్, అంటే ఇప్పటి చక్రం నొక్కితే అక్కడ పడతాయి. ఇది ఒక సంచి. కంట్రోల్-సి ది వేరే సంచి. రెంటిలోనూ వేరువేరు మాటలు ఉండవచ్చు. తెలిసినవారికి ఇది వరం. తెలియనివారు చక్రం తిప్పుతూ పొరపాటున నొక్కితే వ్యాసం మధ్యలో ఏవో మాటలు ఊడిపడతాయి, దయ్యం పట్టిందనుకుంటారు.

ఫైళ్ల పేర్లలోని ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి తేడా సంగతి ఒక్కమాటలో చెప్పవచ్చు. పెద్ద ఎ సంకేతం 65, చిన్న ఎ సంకేతం 97. లినక్స్ సంఖ్యలనే చూస్తుంది కనుక అవి రెండు వేరు పేర్లు. విండోస్ మామూలుగా రెంటినీ ఒకటే అనుకుంటుంది.

పెన్‌డ్రైవ్ మాట మాత్రం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇందులో పోయేది మీ పని. కంప్యూటరు లోపలి జ్ఞాపకశక్తి చాలా వేగమైనది. పెన్‌డ్రైవ్ నెమ్మది. 600 మెగాబైట్ల పాఠం ఒకటి కాపీ చేశారనుకుందాం. పెన్‌డ్రైవ్ సెకనుకు 10 మెగాబైట్లే రాసుకోగలదు అనుకుంటే 60 సెకన్లు పట్టాలి. కాని తెర మీద గీత అయిదారు సెకన్లలోనే నిండిపోవచ్చు. ఎలా? లినక్స్ ఆ పాఠాన్ని ముందు తన జ్ఞాపకశక్తిలోకి తీసుకొని, “నేను చూసుకుంటాలే, నీ పని నువ్వు చేసుకో” అంటుంది. తీరికగా పెన్‌డ్రైవ్‌లోకి రాస్తుంది. ఉత్తరం తపాలా పెట్టెలో వేయడం, ఊరు చేరడం ఒకటి కాదు గదా! గీత నిండగానే పెన్‌డ్రైవ్ పీకేస్తే ఉత్తరాలు పెట్టెలోనే ఉండిపోయాయన్నమాట. బయటికి తీసే గుర్తు నొక్కితే మిగిలినదంతా రాసేసి, ఇక తీయవచ్చని చెబుతుంది. ఒక్కోసారి దానికి నిమిషం పైన పడుతుంది, అప్పుడు విసుగుపడి లాగేయకూడదు. విండోస్‌లో పెన్‌డ్రైవులకు ఈ ఆలస్యపు రాత లేని పద్ధతినే సాధారణంగా ఉంచుతారు. అక్కడ ఠక్కున పీకడం అలవాటైన చెయ్యి ఇక్కడ నష్టపోతుంది. పని దాచుకొని చేయడం తప్పు కాదు, పూర్తి కానిదాన్ని పూర్తయిందని తెర మీద చూపడం తప్పు. నన్నడిగితే లినక్స్ డెస్క్‌టాపులలో మొదట సరిచేయవలసినది ఇదే.

ఇన్ని ఇబ్బందులు ఎందుకు మిగిలిపోయాయి? లినక్స్‌ను 1991లో ఫిన్‌లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. అది లోపలి యంత్రాంగం మాత్రమే. పైతొడుగులు వేరేవాళ్లు అల్లారు. 1996లో మత్తియాస్ ఎట్రిచ్ అనే జర్మనీ విద్యార్థి, ఒక్కో ప్రోగ్రాము ఒక్కోలా కనిపిస్తూ ఒక్కోలా ప్రవర్తిస్తోందని విసిగి కేడీఈ అనే డెస్క్‌టాప్‌కు పూనుకున్నాడు. మరుసటి ఏడు గ్నోమ్ మొదలైంది. 2011లో గ్నోమ్ వారు మూడో కూర్పులో డెస్క్‌టాప్‌ను పూర్తిగా మార్చి, కిటికీని చిన్నది, పెద్దది చేసే గుర్తులు తీసేసి మూసే గుర్తు ఒక్కటే ఉంచారు. టోర్వాల్డ్స్ అంతటివాడే బాగాలేదని బాహాటంగా విసుక్కొని ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారాడు. తర్వాత మళ్లీ గ్నోమ్‌కే వచ్చాడనుకోండి. పాత గ్నోమే కావాలన్నవారు దాని ప్రోగ్రాము పాఠం తీసుకొని మాటే అనే పేరుతో కొనసాగించారు. ఎవరైనా తీసుకొని మార్చుకునే హక్కు ఉంది కనుక ఇది సాధ్యమైంది. దాని ఖరీదు కూడా తెలుసుకోండి: పక్క ఊరి బడిలోని లినక్స్ మీ బడిలోని లినక్స్‌లా ఉండకపోవచ్చు, మీ చేతి అలవాటు అక్కడ చెల్లకపోవచ్చు.

తెలుగువారికి ఇంకో చిక్కు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు, మరికొందరు ఔత్సాహికులు కష్టపడి మెనూలను తెలుగు చేశారు. అది చాలా అవసరమైన పని. కాని కొన్నిచోట్ల “ఫైలు” అని రాయక “దస్త్రం” అన్నారు. దస్త్రం మంచి మాటే, మా తాతల కచేరీలలో వాడేవారు. పంచాయితీ ఆఫీసులో కూడా ఫైలు అనే వినే పిల్లవాడు ఆ మాట దగ్గర ఆగిపోతాడు. వాడే మాట ఉండగా వెతికి తెచ్చిన మాట ఎందుకని నా అభిప్రాయం. మరొకటి: అచ్చు పనులకు వాడే అను వంటి పాత ఫాంట్లతో కొట్టిన ప్రశ్నపత్రాన్ని ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీదనే తెలుగు ముక్కల బొమ్మలు తొడిగాయి. తొడుగు లేకపోతే లోపలిది బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు సొంత సంఖ్యలున్నాయి, కనుక దానితో రాసింది విండోస్‌లోనైనా లినక్స్‌లోనైనా తెలుగుగానే కనబడుతుంది. ఇక్కడ తప్పు లినక్స్‌ది కాదు.

లినక్స్ డెస్క్‌టాపులను తయారుచేసేవారు వాడేవాళ్ల ఫిర్యాదులు తీసుకుంటారు. “బాగాలేదు” అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. మీరేం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, ఏ కూర్పులో జరిగింది అన్న నాలుగూ రాయాలి. వాటిని సేకరించడానికి ఒక పద్ధతి ఉంది. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ, గ్నోమ్‌ను ఎన్నడూ వాడనివారిని దాని ముందు కూర్చోబెట్టి గమనించింది. మీరూ చేయండి. మీ చెల్లాయినో, కింది తరగతి పిల్లవాడినో కొత్త డెస్క్‌టాప్ ముందు కూర్చోబెట్టండి. తన పేరు తెలుగులో కొట్టి, ఫైలుగా దాచి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కిటికీ మూయమనండి. మీరు వెనుక నిలబడి, మౌస్ బాణం మొదట ఎటు వెళ్లిందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో కాగితం మీద గుర్తు పెట్టండి. మధ్యలో “అటు కాదు, ఇటు” అనకూడదు. చెయ్యి పెట్టకూడదు. అయిదు నిమిషాలు నోరు మూసుకొని నిలబడడం ఈ ప్రయోగంలో అన్నిటికన్నా కష్టమైన భాగం.